బావి చిట్టా

వేసవి రాత్రులందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో కాలువ నీరందని మెట్ట పల్లెల మీదుగా పోవువారికి ఒక చప్పుడు వినబడుట కలదు. అది బోరు వేయు లారీ చప్పుడు. చేనిలో దీపములు వెలుగుచుండును. గాలి ఒత్తిడికి రాతిపొడి తెల్లగా లేచి చుట్టునున్న చెట్లపై పడుచుండును. చేను యజమాని ఆ పొడి వంకనే చూచుచు నిలిచియుండును. పొడి తడిసినచో నీటి జాడ తగిలినట్లు. తెల్లవారువరకు పొడిగనే లేచినచో అప్పు మిగిలినట్లు. తెల్లవారగనే లారీ మరియొక చేనికి పోవును. ఇక్కడ మిగులునది ఆరున్నర అంగుళముల రంధ్రము, దాని మూతిలో ఒక గొట్టపు ముక్క, పైన ఒక మూత. ఆ రంధ్రము ఏయే పొరలను దాటిపోయెనో, ఏ లోతున రాయి మెత్తబడెనో, ఏ లోతున చెమ్మ తగిలెనో నెల గడచిన పిమ్మట చెప్పగలవారుండరు. వ్రాసియుంచినవారు మిక్కిలి అరుదు.

ఇక్కడికి తూర్పున, గోదావరి డెల్టాలో, వేరొక విధమైన బావులను త్రవ్వుదురు. అవి చమురు బావులు, సహజవాయువు బావులు. అవి వందల అడుగులు కాదు, వేల మీటర్ల లోతు పోవును. ఒక్కొక్క బావికి నెలలు పట్టును; కోట్ల రూపాయలు వ్యయమగును. అంత ధనము వెచ్చించి త్రవ్వినవారు కూడ అడుగునకు చేరగనే గొట్టములు దింపి పని ముగింపరు. త్రవ్వకమును నిలిపి, త్రవ్వు కడ్డీలను పైకి తీసి, ఇనుప తాడువంటి తీగకు పరికరములు కట్టి బావిలోనికి దింపుదురు. ఆ పరికరములు అడుగునుండి పైకి వచ్చుచు ప్రతి పొర గుణమును కొలుచును. పైన ఆ కొలతలు గీతలుగా నమోదగును. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు వెల్ లాగింగ్. ఓడలవారు నిత్యము ప్రయాణ వివరములు వ్రాసికొను పుస్తకమునకు లాగ్ అని పేరు. మన షావుకార్లకు చిట్టా ఎట్టిదో వారికి అది అట్టిది. కనుక మేము దీనిని బావి చిట్టా అందుము. చమురును, వాయువును వెదకుటలో ఈ చిట్టా ఎట్లు ఉపకరించునో, దానినుండి మన బోరుబావులవారు నేర్చుకొనదగినది ఏమి కలదో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మొదట ఒక సందేహమును తీర్చవలెను. సూర్యాపేటలో చమురు ఏల దొరకదు? ఇచటి నేల క్రింద నున్నది గ్రానైటు జాతి రాయి. అది భూగర్భమున కరగియుండి చల్లారి గట్టిపడినది. దాని వయస్సు రెండువందల కోట్ల సంవత్సరములకు మించినది. చమురు పుట్టవలెనన్నచో జీవరాశి అవశేషములు బురదతో కలిసి పొరలు పొరలుగా పేరుకొని, లోతున పూడి, భూమి వేడికి ఉడకవలెను. గ్రానైటులో అది జరుగలేదు. కోదాడకు దక్షిణమున మేళ్ళచెరువు, హుజూరునగరము వైపునను, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి వైపునను సున్నపురాయి పొరలు కలవు. సిమెంటు కర్మాగారములకు అవి ఆధారమైనవి గాని చమురునకు కాలేదు. అయితే కోదాడనుండి విజయవాడ దారిని తూర్పునకు పోయి డెల్టా చేరినచో, ఇట్టి ప్రాచీన శిలలే క్రమముగా క్రిందికి దిగిపోవును. వానిమీద ఇసుక, బంకమన్ను, సున్నము కిలోమీటర్ల మందమున పేరుకొని రాళ్ళైనవి. అదియే కృష్ణా గోదావరి తైలక్షేత్రము. 1956లో స్థాపింపబడిన ఓ.యన్.జి.సి. సంస్థ అచట వెదకుచు 1978లో నర్సాపురము వద్ద త్రవ్విన బావిలో సహజవాయువును కనుగొనెను.

బావి త్రవ్వినంత మాత్రమున లోన నున్నది తెలియదా అని అడుగవచ్చును. తెలియదు. చమురు బావిని త్రవ్వునపుడు దానిని చిక్కని బురదనీటితో నింపి యుంచుదురు. ఆ బురద రాతిముక్కలను పైకి తెచ్చును. అంతకన్న ముఖ్యముగా, లోతుననున్న వాయువు ఎగదన్ని బయటకు రాకుండ తన బరువుతో అదిమి పట్టును. కాని అదిమి పట్టిన బురద రహస్యమును కూడ అదిమి పట్టును. త్రవ్వుచున్నవారు చమురున్న పొరను దాటిపోయియు చుక్క చమురు చూడకపోవచ్చును. పైకి వచ్చిన రాతిముక్కలు వేల అడుగుల దూరము ప్రయాణించి, దారిలో ఒకదానితో ఒకటి కలిసిపోవును. అవి ఏ లోతువో నిక్కముగా చెప్పుట కష్టము. రాతిని కడ్డీగా కోసి పైకి తీయవచ్చును గాని బావి పొడవునా అట్లు తీయుట చాల ఖర్చు. కావున బావిలోనికే కొలబద్దను పంపవలసి వచ్చెను.

ఈ పని మొదట చేసినది ఫ్రాన్సు దేశమున. కాన్రాడ్, మార్సెల్ ష్లంబర్జె అను సోదరులు నేలమీద విద్యుత్తును పంపి భూగర్భ శిలలను గుర్తించు విద్యను అభ్యసించుచుండిరి. అదే విద్యుత్తును బావిలోనికి దింపిన నేమి అని వారికి తోచెను. 1927 సెప్టెంబరు 5వ తేదీన అల్సాసు ప్రాంతమందలి పెషెల్బ్రాన్ తైలక్షేత్రమున కాన్రాడ్ అల్లుడు ఆన్రీ డోల్ ఒక బావిలో పరికరము దింపి, ఆగి ఆగి కొలతలు తీసి, ఆ అంకెలను చేతితోనే కాగితముపై గీతగా గీసెను. లోకమున మొదటి విద్యుత్ బావి చిట్టా అదియే.

ఆ కొలత సూత్రము సులభమైనది. రాతి రేణువులగుండ సామాన్యముగా విద్యుత్తు పారదు. రాతి సందులలోని ఉప్పునీటిగుండ చక్కగా పారును. చమురుగుండ, వాయువుగుండ పారదు. కనుక సందులున్న రాతిలో విద్యుత్తునకు అడ్డు తక్కువగా నున్నచో ఉప్పునీరనియు, అడ్డు హెచ్చుగా నున్నచో చమురనియు అనుకొనవచ్చును. కాని ఇందులో ఒక మోసము కలదు. సందులే లేని గట్టి రాయి కూడ విద్యుత్తును అడ్డగించును. అట్లైన చమురునకును, ఉత్త బండకును భేదము తెలియుట ఎట్లు?

ఈ చిక్కును విప్పుటకు అమెరికాలో గస్ ఆర్చీ అను ఇంజనీరు 1942లో ఒక లెక్కను ప్రకటించెను. బంకమన్ను కలియని ఇసుకరాతికి ఆ లెక్క నేటికిని పునాది. దానిని ఇంటిలో పిల్లలు కూడ వేయగలరు. సందులలోని ఉప్పునీటి విద్యుత్ నిరోధమును 1 అనుకొందము. రాతిలో నూటికి 20 పాళ్ళు సందులుండి, అవి పూర్తిగా ఆ నీటితో నిండియున్నచో రాతి నిరోధము సుమారు 25 ఉండును. సందులు నూటికి 10 పాళ్ళే యైనచో సుమారు 100 ఉండును. ఇప్పుడు బావిలో ఒక లోతున పరికరము 100 అని చూపినదనుకొనుడు. ఆ రాతిలో సందులు 20 పాళ్ళని మరియొక పరికరము చెప్పినచో, నీరే నిండియున్నయెడల 25 ఉండవలసినది 100 ఉన్నది. ఆర్చీ లెక్క ప్రకారము ఆ సందులలో సగము మాత్రమే నీరు; తక్కిన సగము చమురో వాయువో కావలెను. సందులు 10 పాళ్ళే అని తేలినచో ఆ 100 అను అంకెకు అర్థము వేరు. అచట ఉన్నదంతయు నీరే! అంకె ఒక్కటే, తీర్పులు రెండు. ఒక తీర్పును నమ్మి కోట్లు వెచ్చింతురు, మరియొక తీర్పును నమ్మి బావిని మూసివేతురు. కావున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదని ఈ శాస్త్రమున మొదటి నియమము.

తక్కిన సాక్షులు ఎవరు? గామా కిరణములను లెక్కించు పరికరము ఒకటి. బంకమన్ను నుండి పుట్టిన షేలు రాతిలో సహజముగా రేడియో ధార్మిక పదార్థములు కొంత హెచ్చుగా నుండును. శుభ్రమైన ఇసుకరాతిలో తక్కువగా నుండును. కనుక చమురు నిలువగల పొర ఏది, దానిని మూసియుంచు పొర ఏది అని ఈ పరికరము వేరుపరచును. రెండవది తనలోని సీసియమునుండి కిరణములను రాతిలోనికి పంపి, తిరిగి వచ్చిన వానిని లెక్కించి, రాతి సాంద్రతను చెప్పును. మూడవది న్యూట్రానులను పంపి, హైడ్రోజను ఎంత కలదో చెప్పును. నీటిలోను చమురులోను హైడ్రోజను దండిగా కలదు; వాయువు పలుచనిది గనుక అందులో తక్కువ. కనుక వాయువున్న పొర ఎదుట సాంద్రతా తగ్గును, న్యూట్రాను పరికరమునకు హైడ్రోజనూ తక్కువగా కనబడును. సరియైన కొలమానములతో గీసినచో, నీరున్న ఇసుకరాతిలో ఒకదానివెంట ఒకటి నడచు ఈ రెండు గీతలు వాయువున్న చోట ఒకదానినొకటి దాటి విడిపోవును. అనుభవజ్ఞుడు చిట్టాపై ఆ గుర్తును దూరమునుండియే పోల్చుకొనును.

ఈ సాక్ష్యములన్నిటిని ప్రక్కప్రక్కన పరచి చూచిన పిమ్మట గాని బావికి ఉక్కు గొట్టము దింపి సిమెంటు పోయు విషయము తేల్చరు. తేల్చిన తర్వాత గొట్టమునకు ఏ లోతున తూట్లు పొడువవలెనో కూడ చిట్టాయే చెప్పును. కొన్ని మీటర్లు తప్పినచో చమురునకు బదులు ఉప్పునీరు రావచ్చును. ఆపై బావిని తెరచి, ఎంత వచ్చునో పరీక్షించి చూతురు. తుది తీర్పు ఆ పరీక్షదే. బావిలో ఏమియు లేదని తేలినను చిట్టా వృథా కాదు. ఏ పొర ఏ లోతున నున్నదో, ఎంత మందమో తెలిసినది గనుక తరువాతి బావిని ఎచట త్రవ్వవలెనో, ఎచట త్రవ్వరాదో అది చెప్పును. చిట్టా యున్న ఎండుబావి సగము నష్టము. చిట్టా లేని ఎండుబావి పూర్తి నష్టము.

ఇంత చెప్పి, ఈ విద్యకు గల హద్దును చెప్పకుండుట న్యాయము కాదు. పరికరపు చూపు బావి గోడనుండి కొన్ని అంగుళములు మొదలు కొన్ని అడుగుల వరకే. ఒక బావికిని మరియొక బావికిని నడుమ నున్నది ఊహయే. కృష్ణా గోదావరి తీరమున సముద్రగర్భములో 2002లో కనుగొన్న పెద్ద వాయు నిక్షేపము నుండి 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభమైనది. 2010 తర్వాత అది తగ్గుముఖము పట్టెను; మొదట ఆశించినంత వాయువు రాలేదు. కారణములను గూర్చి వాదములు చాలకాలము సాగినవి. చిట్టా బావి ఎదుట నున్న దానికి సాక్షి గాని కనబడని దానికి జామీను కాదని గ్రహించినవారే దానిని సరిగా వాడుకొందురు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. బావి చిట్టా ఇచటికి క్రొత్త కాదు. నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములలో 1990 దశకమున అణుఖనిజముల అన్వేషణ శాఖవారు యురేనియము కొరకు బోర్లు వేసి, వానిలో గామా పరికరములు దింపి, గ్రానైటునకును దానిపై పరచుకొన్న ఇసుకరాతి పొరకును నడుమ ఖనిజము ఏ లోతున, ఎంత మందమున నున్నదో కొలిచిరి. ఆ ఖనిజమును త్రవ్వవలెనా వలదా అను వివాదము వేరు మాట. సాగరు జలాశయమునకు సమీపమగుటచే ప్రజలు దానిని ప్రతిఘటించిరి. మేము చెప్పునది ఇంతమాత్రమే: ఖనిజము కొరకు వేసిన బోరునకు చిట్టా కలదు, మంచినీటి కొరకు, పైరు కొరకు అదే జిల్లాలో వేసిన లెక్కలేనన్ని బోర్లలో అత్యధికమునకు లేదు.

గ్రానైటు నేలలో నీరు చెరువువలె నిలిచియుండదు. పైన మొరము, ఆ క్రింద పగుళ్ళు బారిన రాయి, ఇంకను క్రిందికి పోయినకొలది బిగువైన బండ. నీరు మొరములోను, పగుళ్ళలోను నిలుచును. బోరు వేయువారు గ్యాపు తగిలినదందురే, అదియే ఆ పగులు. అట్టి బోరులో నీరు నిండియున్నపుడు విద్యుత్ పరికరమును దింపినచో, బిగువైన బండ ఎదుట నిరోధము మిక్కిలి హెచ్చుగాను, నీటి పగులు ఎదుట తటాలున తక్కువగాను కనబడును. చూడుడు, నర్సాపురమున ఇసుకరాతిలో నిరోధము హెచ్చుట ఆశకు గుర్తు. సూర్యాపేటలో గ్రానైటున నిరోధము తగ్గుట ఆశకు గుర్తు. సూత్రము ఒకటే, రాయిని బట్టి అర్థము మారును. ఇక్కడను ఒక్క సాక్షి చాలదు. బోరు గోడ వెడల్పును తడవి చూచు పరికరము పగులు వద్ద గోడ విరిసినట్లు చూపును. నీటి వేడిని కొలుచు పరికరము ఏ పగులునుండి క్రొత్త నీరు బోరులోనికి వచ్చుచున్నదో చూపును. మూడును ఒక్క లోతునే చూపినచో ఆ పగులు నిజముగా నీరిచ్చునదని నమ్మవచ్చును. ఇచటి బోర్లలో గొట్టము సామాన్యముగా పైనున్న మెత్తని నేల వరకే యుండును గనుక, మోటారును పైకి తీసినచో పాత బోరునకు కూడ ఈ చిట్టా తీయవచ్చును.

దీనివలన రైతునకు ఒరుగునది ఏమి? ఒక చేనిలో మొదటి బోరు 300 అడుగులు పోయి ఎండినదనుకొందము. రైతు అప్పు చేసి నూరు గజముల దూరమున రెండవది వేయించును. అది 400 అడుగులు, మూడవది 500 అడుగులు పోవును. కూలి అడుగు లెక్క. లోతు పెరిగినకొలది అడుగు ధర కూడ పెరుగును. మొదటి బోరునకు చిట్టా యుండి, 180 అడుగుల క్రింద పగులన్నది లేక ఏకబండ యని అందులో కనబడినచో, రెండవ బోరు వేయువాడు ఆ లోతున ఒక్కసారి ఆగి ఆలోచించును. క్రింద నీరు ఉండనే ఉండదని ఆ చిట్టా చెప్పదు. గ్రానైటులో పగుళ్ళ పోకడ నూరు గజములలో మారవచ్చును. కాని గుడ్డిగా ఆశపడుటకును, తెలిసి సాహసించుటకును భేదము కలదు. బోర్లకు చేసిన అప్పు తీరక మన పల్లెలలో కుటుంబములు చితికిపోయినవి, ప్రాణములు కూడ పోయినవి. ఆ భేదము విలువ ఆ ఇండ్లవారికి తెలియును.

మరియొక సంగతి. నల్లగొండ పేరు ఫ్లోరైడు బాధకు దేశమంతట మారుపేరైనది. నాగపూరు శాస్త్రజ్ఞులు 1970 దశకమున రూపొందించిన ఫ్లోరైడు నివారణ పద్ధతికే నల్లగొండ పద్ధతి యని పేరు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మన గ్రానైటులోని కొన్ని ఖనిజములనుండి అది నీటిలో కరగును. బావి చిట్టా ఫ్లోరైడును కొలవదు. కాని బోరులోనికి నీరు ఏయే పగుళ్ళనుండి వచ్చుచున్నదో తెలిసినయెడల, ఆయా లోతుల నీటిని వేరువేరుగ తీసి పరీక్షింపవచ్చును. త్రాగుటకు పనికివచ్చు నీరు ఏ పగులుదో, పైరునకే వదలవలసినది ఏ పగులుదో అప్పుడు తెలియును.

పరికరములను తెప్పించుట ఒక్క రైతుకు శక్యము కాదు. ఊరికి ఒకటి రెండు బోర్లకు ప్రభుత్వ భూగర్భజల శాఖవారిచే తీయించుకొన్నను ఆ ఊరికి దారి చూపును. అదియు కానినాడు, పైసా ఖర్చులేని చిట్టా ఒకటి కలదు. బోరు వేయు రాత్రి చదువుకొన్న పిల్లవానిచేతికి ఒక నోటుపుస్తకము ఇచ్చి లారీ ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఒక్కొక్క కడ్డీ దిగగనే లోతు ఎంత, దిగుటకు ఎన్ని నిమిషములు పట్టెను, పొడి రంగు ఏమి, మొరము ఎచట ముగిసెను, ఎన్ని అడుగుల వద్ద తడి తగిలెను, ఎన్ని అంగుళముల నీరు పడెను అని వ్రాయించవలెను. కడ్డీ వేగముగ దిగినచోట రాయి మెత్తన, ఆలస్యమైనచోట బండ. రంగు మారినచోట రాయి మారినది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బావులను, బోరు యంత్రములను నమోదు చేయుమనుచున్నది. బోరు వేసినట్లు నమోదగుట మంచిదే. ఆ బోరు చెప్పిన మాట కూడ నమోదైనచో మరియు మంచిది. ఊరిలోని బోర్ల చిట్టాలన్నియు పంచాయతీలో ఒక్కచోట నుంచినయెడల, ఎండిన బోర్లు సైతము తరువాత త్రవ్వువారికి దారి చూపును.

మిర్యాలగూడ బియ్యపు మిల్లుకు బండెడు ధాన్యము వచ్చినచో, గింజను చేతిలో వేసికొని చూడక, తేమ కొలువక ధర చెప్పరు. సూర్యాపేట అంగడిలో చిట్టా లేని దుకాణము లేదు. ఒక్క భూమి విషయముననే మనము చూడకుండ కొనుచున్నాము, వ్రాయకుండ ఖర్చు పెట్టుచున్నాము. కోట్లు గలవారు కూడ చూచి, కొలిచి, వ్రాసి గాని బావిని నమ్మరు. అప్పు తెచ్చి త్రవ్వువారికి ఆ జాగ్రత్త మరింత అవసరము. రాబోవు వేసవిలో మీ చేనిలోనో, మీ పొరుగు చేనిలోనో బోరు లారీ వచ్చి ఆగినపుడు, కొబ్బరికాయతోపాటు ఒక నోటుపుస్తకమును కూడ సిద్ధముగ నుంచుకొనవలసినదని మా మనవి.